మొదటి గాలం సెట్టు: ఏం కొనాలి, దేన్ని దేనికి ఎట్టా కట్టాలి

కోవూరు తమ్ముడు అడిగింది ఇది. ఆన్‌లైన్‌లో పన్నెండడుగుల మడత రాడ్డు, పెద్ద రీలు, డబ్బా నిండా రకరకాల గాలాలు కలిపి ఒక సెట్టు తెప్పించుకున్నాడు. పెన్న ఒడ్డున నాలుగు ఆదివారాలు కూచున్నాడు. దారం చిక్కులు పడింది, వేసిన చోట పడలేదు, ఒక్కసారి మాత్రం బరువైన చేపే తగిలి గాలంతో సహా తెంపుకుని పోయింది. "అన్నా, మొదటి నుంచి ఏం కొనాలి, ఎట్టా కట్టాలి, ఓపిగ్గా చెప్పండి" అన్నాడు.

చెప్తా తమ్ముడూ. బుచ్చిరెడ్డిపాళెం కాలవ గట్ల మీద మా నాయన పక్కన వెదురు బొంగు పట్టుకుని కూచున్న రోజు నుంచి లెక్కేసుకుంటే ముప్పై ఐదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పు దాదాపు ఒకటే చూశాను. డబ్బంతా రాడ్డు మీద, రీలు మీద పెడతారు. దారం, గాలం ఏది దొరికితే అది కట్టేస్తారు. కానీ చేపకి తగిలేది గాలం. దాన్ని పట్టి ఉంచేది దారం. ఆ రెంటినీ కలిపేది నీ చేత్తో వేసిన ముడి. నా మాట విని ముందు అక్కడ ఖర్చు పెట్టు, అక్కడ ఓపిక పెట్టు.

ముందు నీ దారం యాడ తెగిందో తేల్చుకుందాం. తెగిన కొసని వెలుతురుకి పెట్టి చూడు. పందితోక మాదిరి మెలికలు తిరిగి ఉంటే అది తెగలేదు, ముడి జారి ఊడింది. కొసకి పైన జానెడు మేర గరుగ్గా, తెల్లగా పాలిపోయి ఉంటే రాయికో గుల్లకో రాసుకుని తెగింది. మెలికా లేక, గరుకూ లేక టక్కున తెగినట్టుంటే చేప బలానికి దారం ఆగలేదు. అంటే డ్రాగ్ (చేప గుంజినప్పుడు దారం వదిలే రీలు మర) బిగించేసి ఉన్నావు, లేదా దారం పాతబడిపోయింది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. అందుకే చేప పోయినప్పుడల్లా నేను ముందు కొస చూసుకుంటాను.

రాడ్డు, రీలు

పన్నెండడుగుల రాడ్డు సముద్రం ఒడ్డుకి. అలలు దాటించి వేయడానికి ఆ పొడుగు కావాలి. కాలవకీ చెరువుకీ ఏడడుగులది, రెండు ముక్కలుగా ఊడేది చాలు. ఫైబర్‌గ్లాసుదే తీసుకో. కార్బన్ రాడ్డు తేలిగ్గా ఉంటుంది గానీ రాయికి కొట్టుకుంటే పగులుతుంది, కొత్త చేతికి ఆగదు. మడత రాడ్డుతో ఇబ్బందేందంటే పెన్న ఇసక దాని కీళ్లలోకి పోతుంది, లాగినప్పుడు గీసుకుపోయి వదులవుతుంది. ఇప్పటికే కొన్నావు గనక పారేయొద్దు, మైపాడు సముద్రం ఒడ్డుకి పొయ్యేటప్పుడు పనికొస్తుంది. ఇంటికొచ్చాక ఒక్కో కణుపూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు.

రాడ్డు మొదలు దగ్గర రెండు లెక్కలు రాసి ఉంటాయి. ఒకటి గ్రాముల్లో, అది ఎంత బరువు విసరొచ్చో చెప్తుంది. ఇంకోటి పౌండ్లలో, అది ఎంత బలమున్న దారం వాడొచ్చో చెప్తుంది. పౌండంటే సుమారు 450 గ్రాములు. పది పౌండ్ల దారమంటే నాలుగున్నర కిలోల దాకా ఆగేది. మన కాలవ పనికి 10 నుంచి 30 గ్రాములు విసిరే రాడ్డు చూసుకో.

రీలు 2500 గానీ 3000 గానీ తీసుకో. ఆ నంబరు స్పూలు, అంటే దారం చుట్టుకునే చక్రం, సైజు. లోపల ఎన్ని బేరింగులున్నాయని అంగట్లో గొప్పగా చెప్తారు, దాన్ని పట్టించుకోవద్దు. చేత్తో పిడి తిప్పి చూడు, గరగరలాడకుండా తిరగాలి. డ్రాగ్ మర వదులు చేసి దారం లాగితే జర్కులు లేకుండా రావాలి. ఈ రెండూ బాగుంటే చాలు. రాడ్డూ రీలూ కలిపి రెండు వేల దగ్గర్లో మంచివే దొరుకుతాయి.

బిగించేటప్పుడు రీలు రాడ్డుకి కింద వేలాడాలి, దారం పోయే రింగులు కూడా కిందికే చూడాలి. చాలామంది తలకిందులుగా బిగించి వెనక్కి తిప్పుతుంటారు. రెండు ముక్కలూ కలిపాక ఒక కన్ను మూసి మొదలు నుంచి చూడు, రింగులన్నీ ఒకే గీతలో రావాలి. కొంచెం వంకరగా ఉన్నా దారం రాసుకుని దూరం పోదు.

దారం ఎక్కించడం

తంగూసు దారం 0.28 లేదా 0.30 మిల్లీమీటర్లది తీసుకో. మంచి కంపెనీదైతే 0.30 ఆరు కిలోల దాకా ఆగుతుంది. కిలోల లెక్కన లావు తంగూసు చుట్ట అమ్ముతారే, అది వలల పనికి. రీలు మీద స్ప్రింగు మాదిరి లేచి నిలబడి చిక్కులు పడుతుంది.

నీ చిక్కులకి అసలు కారణం ఎక్కించిన తీరు అయ్యుంటుంది. ఇట్టా చెయ్యి. దారం కొసని ముందు రాడ్డు రింగులన్నిట్లోంచి తే, ఆఖరున రీలు కమ్మి (దారాన్ని స్పూలు మీదికి చుట్టే వంపు తీగ) ఎత్తి దాని కిందుగా స్పూలుకి కట్టు. కమ్మి మూసి ఉండగా కడితే ఒక్క చుట్టు కూడా ఎక్కదు, అంతా విప్పి మళ్లీ మొదలు పెట్టాల. దారం కొన్న ప్లాస్టిక్ చక్రాన్ని కింద పరుచు, కాగితం అంటించిన వైపు పైకి. కమ్మి మూసి, తడి గుడ్డతో దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని పిడి ఇరవై చుట్లు తిప్పు. ఇప్పుడు దారం వదులు చేసి చూడు. మెలికలు తిరుగుతోందా? చక్రాన్ని తిరగేసి ఇంకో వైపు పైకి పెట్టు. ఏ వైపున మెలిక తక్కువుంటే ఆ వైపే ఉంచి మొత్తం ఎక్కించు. స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపు. అంతకంటే నిండితే చుట్లు చుట్లుగా ఊడిపడతాయి. మరీ తక్కువైతే అంచుకి రాసుకుని దూరం పోదు.

గాలం విసిరిన తర్వాత కమ్మిని చేత్తోనే మూయి. పిడి తిప్పి మూస్తే వదులుగా ఉన్న ఒక మెలిక లోపల ఇరుక్కుంటుంది, తర్వాతి విసురులో గూడు కట్టుకుని బయటికొస్తుంది. ఇదొక్కటి అలవాటైతే నీ చిక్కులు సగం పోతాయి.

ఎండ తగిలే కొద్దీ తంగూసు చచ్చిపోతుంది. రాడ్డుని మిద్దె మీద వదిలేయొద్దు. ఏడాదికొకసారి దారం మార్చు. ప్రతిసారీ కూచునే ముందు చివరి రెండు మీటర్లు గోళ్ల మధ్య లాగి చూడు, గరుకు తగిలితే అంతవరకు కోసేయి. నేను ఒకసారి ఆ పని మానేసి సంగం దగ్గర ఒక వాలుగని పోగొట్టుకున్నాను. ఒడ్డు దాకా వచ్చింది, దాని మీసాలు కూడా కనపడ్డాయి. కొస చూస్తే బెత్తెడు మేర తెల్లగా గీసుకుపోయి ఉంది. ముందు రోజు రాళ్లలో వాడిన దారం అది. పదిహేనేళ్లయినా ఆ చేప నాకింకా కళ్లలో ఆడుతుంటుంది.

గాలం, ముడి

గాలాల నంబర్లు మొదట్లో తికమక పెడతాయి. 12, 10, 8, 6 అని నంబరు తగ్గే కొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని పెరిగే కొద్దీ పెద్దది. జిలేబీ చేపకి 10, పిండి ఎరతో శీలావతికి, మోసుకి 6 లేదా 8, జెల్లకి 1 నంబరు దగ్గర్లో, వాలుగకీ కొర్రమేనుకీ 2/0 పైన. నీ డబ్బాలో ఉన్న వంద గాలాల్లో నీకు పనికొచ్చేవి పది ఉంటే ఎక్కువ. నార్వే కంపెనీ ముస్టాడ్ గాలాలు మన అంగళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి, పొట్లం చూసి కొను, నకిలీలు తిరుగుతున్నాయి.

మొనని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరుపు. గోరుకి పట్టుకుని ఆగితే పదునుంది. జారిపోతే ఆ గాలం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చిన్న ఆకురాయితో మూడు వైపులా నాలుగు రుద్దులు రుద్దితే పదును తిరిగొస్తుంది.

ఇక ముడి. ఒక్క ముడి వచ్చినా చాలు, కానీ అది కళ్లు మూసుకుని రావాలి. గాలం కన్నులోంచి దారం కొస జానెడు దూర్చు. ఆ కొసని అసలు దారం చుట్టూ ఆరు చుట్లు తిప్పు. కన్నుకి ఆనుకుని ఒక చిన్న సందు ఏర్పడి ఉంటుంది, కొసని వెనక్కి తెచ్చి ఆ సందులోంచి తీ. తీసేటప్పటికి ఇంకో పెద్ద ఉంగరం ఏర్పడుతుంది, దాంట్లోంచి కూడా తీ. ఇప్పుడే బిగించొద్దు. నోట్లో పెట్టి ఎంగిలితో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి తంగూసు అక్కడే బలహీనపడుతుంది. తడిపాక అసలు దారాన్ని మెల్లగా లాగుతా రా. చుట్లు ఒకదాని పక్కన ఒకటి, స్ప్రింగు మాదిరి సర్దుకుని కన్ను మీదికి కూచోవాలి. ఒక చుట్టు ఇంకో దాని మీదికెక్కితే కోసి మళ్లీ కట్టు. కొస మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించు, మరీ దగ్గరగా కోస్తే జారుతుంది. తర్వాత గాలాన్ని ఒక మేకుకి తగిలించి గట్టిగా గుంజు. ఊడేదైతే ఇంట్లోనే ఊడాల.

పడుకోబోయే ముందు రోజూ పది ముడులు, వారం రోజులు కట్టు. అల్లిక దారం (సన్న పోగులు అల్లి చేసింది) వాడేటప్పుడు ఈ ముడి జారుతుంది. దానికి దారాన్ని జోడుగా మడిచి కన్నులోంచి తీసి, మామూలు ముడి వదులుగా వేసి, ఆ ఉంగరంలోంచి గాలాన్నే దాటించి బిగించే పద్ధతుంది. అది తర్వాత నేర్చుకోవచ్చు.

డ్రాగ్: నీళ్ల సీసాతో లెక్క

చేప గట్టిగా గుంజినప్పుడు దారం తెగకుండా రీలు కొంచెం కొంచెంగా వదలాలి. ఆ వదిలే మరే డ్రాగ్. రీలు ముందున్న మర కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే వదులవుతుంది. ఎంత బిగించాలంటే, దారం ఆగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. ఆరు కిలోల దారానికి కిలోన్నర, రెండు కిలోలు.

దీనికి త్రాసు కొనక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో కిలోన్నర నీళ్లు పట్టి మూత బిగించు. దారం రింగుల్లోంచి తెచ్చి సీసా మెడకి కట్టు. రాడ్డుని వాలుగా పట్టుకుని మెల్లగా పైకి ఎత్తు. సీసా నేల వదిలేలోపే రీలు గడగడమని దారం వదిలేస్తుంటే డ్రాగ్ వదులు, కొంచెం బిగించు. సీసా గాల్లో ఊగుతున్నా రీలు పలకకపోతే బిగువెక్కువ. సీసా లేచి, కిందికి చిన్న కుదుపు ఇవ్వగానే రీలు జర్రున దారం వదిలేటట్టుండాలి. అక్కడ ఆపు. చేప పడ్డాక మర ముట్టుకోవద్దు. హడావిడిలో అందరూ బిగించేస్తారు, తెగేది అప్పుడే. ఇంకాస్త పట్టు కావాలంటే స్పూలు అంచుని అరచేత్తో మెల్లగా అదిమి వదులు.

చేప పరుగెత్తేటప్పుడు రీలు తిప్పొద్దు. దాన్ని పోనీ. అది ఆగినప్పుడు రాడ్డు పైకెత్తు, దించుతా తిప్పు. మళ్లీ ఎత్తు, దించుతా తిప్పు. ఇంటికొచ్చాక మరని పూర్తిగా వదులు చేసి పెట్టు, లేకపోతే లోపలి బిళ్లలు నొక్కుకుపోయి మొండికేస్తాయి.

బెండు కట్టడం

నీకు నేను మొదట చెప్పేది బెండు గాలమే, అంటే నీళ్ల మీద తేలే బెండు కట్టిన గాలం. కనిగిరి జలాశయం దగ్గరి కాలవలు, నెల్లూరు చెరువు, గుండ్లకమ్మ నిలవ నీళ్లు, ఇవన్నీ బెండుకి అనువైన చోట్లు. మా చిన్నప్పుడు చెరువులో పెరిగే జీలుగు కాడ కోసి, ఎండబెట్టి, పొట్టు తీసి బెండు చేసేవాళ్లం. పాత హవాయి చెప్పు ముక్క కూడా కట్టేవాళ్లం. ఇప్పుడు పది ఇరవై రూపాయలకి రంగుల బెండ్లు దొరుకుతున్నాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నది తీసుకో. గుండ్రంగా కోడిగుడ్డు మాదిరి ఉన్నది వద్దు. దాన్ని ముంచాలంటే చేప బలం పెట్టాల, బరువు తగలగానే ఎర వదిలేసి పోతుంది.

కట్టే వరస: రీలు నుంచి వచ్చే దారానికి ముందు చిన్న రబ్బరు స్టాపరు (దారం మీద బిగుతుగా నిలిచే ముక్క), తర్వాత పూస, తర్వాత బెండు, దాని కింద ఇంకో స్టాపరు, ఆ కింద చీలిక సీసం గుండ్లు, చివర గాలం. సీసం గుండ్లని పళ్లతో కొరికి నొక్కే అలవాటు చాలామందికుంది. సీసం విషం. శ్రావణం వాడు, అన్నం తినేముందు చేతులు సబ్బుతో కడుక్కో.

ఎన్ని గుండ్లు కట్టాలన్నది ఇంట్లోనే బకెట్లో తేల్చుకోవచ్చు. బెండు నిలువుగా నిలబడి, రంగు కొస ఒక్కటే వేలి గణుపంత పైకి కనపడేదాకా గుండ్లు కలుపుతా పో. ఎక్కువ బరువు బెండు కింద ఒక దగ్గరే ఉంచు. ఒక్క చిన్న గుండు మాత్రం గాలానికి బెత్తెడు పైన పెట్టు. చేప ఎరని ముట్టుకుంటే బెండుకి కబురు తెచ్చేది ఆ చిన్న గుండే.

తర్వాత లోతు. ఇక్కడ ఓపిక పట్టినవాడికే చేప. ఒక బరువైన సీసం గాలానికి తగిలించి నువ్వు వేయబోయే చోట దించు. బెండు మునిగిపోతే లోతు నువ్వు పెట్టినదానికంటే ఎక్కువ, పై స్టాపరు పైకి జరుపు. బెండు అడ్డంగా పడుకుంటే లోతు తక్కువ, కిందికి జరుపు. కొస మాత్రం కనపడేటట్టు వచ్చిందంటే నేల దొరికినట్టు. అక్కడి నుంచి నీకు కావాల్సిన చేపని బట్టి మార్చుకో. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది, ఎర నీళ్ల మధ్యకి పైన ఉండాలి. శీలావతి మధ్య నీళ్ల చేప. మోసు, బంగారుతీగ నేల మీద ముక్కుతో కెలికి తింటాయి, వాటికి ఎర నేలకి తగిలీ తగలనట్టుండాలి. ఒకే చెరువులో పక్కపక్కన కూచున్న ఇద్దరిలో ఒకరికి పడి ఇంకొకరికి పడకపోతే అదృష్టం అంటారు. స్టాపరు ఎంత ఎత్తులో ఉందో అడిగి చూడు.

బెండు పలకరింపు కూడా చేపకొక తీరు. జిలేబీ టకటక పొడుస్తుంది. శీలావతి రెండు మూడు సార్లు ఊపి, పక్కకి లాక్కుంటా ముంచుతుంది. ఆ ముంచుడు దాకా ఆగు. బంగారుతీగ నేల మీది ఎరని నోట్లో పెట్టుకుని తల ఎత్తుతుంది. దాంతో చిన్న గుండు బరువు పోయి బెండు పైకి లేచి పడుకుంటుంది. మునగలేదు గదా అని చూస్తా కూచుంటే ఎర పోతుంది. లేచినప్పుడే ఎత్తాల. ఎత్తడమంటే మణికట్టుతో చిన్న విదిలింపు చాలు, భుజంతో గుంజితే పెదవి చిరిగి చేప పోతుంది.

ఎరకి రెండు గుప్పిళ్ల గోధుమపిండి, ఒక గుప్పెడు వేయించి పొడి చేసిన వేరుశెనగ చెక్క, ఒక గుప్పెడు తవుడు తీసుకో. చపాతీ పిండికంటే గట్టిగా కలిపి తడి గుడ్డలో చుట్టి పెట్టు. గాలం మొన కప్పేంత, శనగగింజ సైజులో ముద్ద చాలు. మిగిలిన తవుడూ చెక్కా ముద్దలు చేసి నీ బెండు పక్కనే రెండో మూడో వెయ్యి, అరగంట తర్వాత ఇంకో రెండు. వానపాములైతే దాదాపు అన్ని చేపలకీ పనికొస్తాయి. అరటి బోదెల కింద తడి మట్టిలో తవ్వు.

అడుగు గాలం

పెన్నలో నీళ్లు పారేటప్పుడు బెండు కొట్టుకుపోతుంది. అప్పుడు నేల మీద కూచునే గాలం కావాలి. మధ్యలో రంధ్రమున్న 20 గ్రాముల సీసాన్ని దారానికి దూర్చు, తర్వాత పూస, తర్వాత స్వివెల్ (రెండు వైపులా కన్నులుండి గిర్రున తిరిగే చిన్న లోహపు ముక్క) కట్టు. స్వివెల్ రెండో కంటికి మూరెడు దారం, దాని చివర గాలం. ఈ మూరెడు దారం అసలు దారంకంటే కొంచెం సన్నగా ఉండాలి. రాళ్లలో ఇరుక్కుంటే ఆ ముక్క వరకే తెగుతుంది, మిగతాదంతా నీకు తిరిగొస్తుంది. చేప ఎర పట్టుకుని పోయేటప్పుడు దారం సీసంలోంచి జారుతుంది గనక దానికి బరువు తెలీదు.

రాడ్డుని పంగల కర్రకి ఆనించి, కొసకి మేకపిల్ల మెడలో కట్టే గజ్జె ఒకటి తగిలించు. చీకటి పడేటప్పుడు జెల్లలకి ఇదే మంచి పద్ధతి. రాడ్డు పక్కన పెట్టిన ప్రతిసారీ డ్రాగ్ బాగా వదులు చెయ్యి. సోమశిల జలాశయంలో నా కళ్ల ముందే ఒకాయన రాడ్డూ రీలూ పంగల కర్రతో సహా లోపలికి పోయాయి, ఆయన టీ పోసుకుంటున్నాడు.

జెల్లని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, రెక్కలకి రెండు ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లయితే నొప్పి ప్రాణం మీదికొస్తుంది. పొడిస్తే గాయాన్ని కడిగి, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టు, నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పో. గాలం వేలిలో దిగినా అంతే, మొన వెనకుండే చిన్న ముల్లు దాకా దిగిందంటే లాగొద్దు, ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకో. మొదటి ఏడాది గాలం ముల్లుని శ్రావణంతో నొక్కేసి వాడు. దారం వదులు పడనీయకుండా ఉంటే చేప పోదు, నీ వేళ్లకీ మంచిది, చిన్న చేపని దెబ్బ తగలకుండా వదిలేయొచ్చు.

కొర్రమేను, సముద్రం

కొర్రమేను గురించి వేరే చెప్పాలి, ఇక్కడ నాలుగు మాటలు. తూటికాడల్లో, గుర్రపుడెక్క పక్కన ఉంటుంది, అక్కడ అల్లిక దారమే కావాలి. తంగూసు సాగుతుంది, చేప ఆ సాగుడులోనే ఆకుల్లోకి దూరిపోతుంది. బతికున్న కప్పని గుచ్చే పద్ధతి మానేయండి, రబ్బరు కప్ప అంతకంటే బాగా పని చేస్తుంది. వానలు మొదలయ్యాక ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద ముసురుకుంటా కనపడితే వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే వెంటనే కొడతాయి. దయచేసి వేయొద్దు. ఆ రెండూ పోయాయంటే పిల్లలన్నీ ఆ పూటకే మిగతా చేపలకి మేతవుతాయి.

మైపాడు, కొత్తపట్నం ఒడ్డుకి పొయ్యేటప్పుడు నీ పన్నెండడుగుల రాడ్డు, పెద్ద రీలు తీసుకుపో. 80 నుంచి 120 గ్రాముల సీసం చివర్న, గాలం దానికి మూరెడు పైన పక్క కొమ్మగా. ఎరకి రొయ్య. చివరి రెండు రాడ్ల పొడుగు మేర లావు దారం, 0.60 పైది తప్పకుండా కట్టు. సన్న దారంతో వంద గ్రాములు విసిరినప్పుడు తెగిందంటే ఆ సీసం తుపాకి గుండు మాదిరి పోతుంది, వెనక మనుషులుంటారు. అమావాస్య, పున్నమి దగ్గర పోటు ఎక్కేటప్పుడు చేప ఒడ్డుకొస్తుంది. ఉప్పుటేరుల్లో పండుగప్ప పడితే దాని మొప్పల అంచు దగ్గర చెయ్యి పెట్టొద్దు, బ్లేడు మాదిరి కోస్తుంది. ఎక్కడ కూచోవాలో పాలెంలో పెద్దవాళ్లని అడుగు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లు చూస్తున్నవాళ్లు, మర్యాదగా అడిగితే చెప్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం, ఆ రోజుల్లో ఎవరన్నా పడవ మీద తీసుకుపోతామన్నా ఎక్కొద్దు.

ఎక్కడ కూచోకూడదు

చెరువుల్లో చేప హక్కు చాలా చోట్ల మత్స్యకారుల సొసైటీదే. పిల్లలు వదిలి, కాపలా కాసి పెంచుకున్న చేప అది, వాళ్ల కూడు. ముందు అడిగి, రుసుం అడిగితే కట్టి కూచో. రొయ్యల గుంటల దగ్గరికి అసలు పోవద్దు.

2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ మొదలయ్యాక వాటి గేట్ల కింద చేప బాగా ఆగుతోందని కుర్రాళ్లు రాళ్ల మీదికి దిగుతున్నారు. పై నుంచి నీళ్లు వదిలితే ఒడ్డెక్కే టైముండదు. పెన్నలో ఇసక తవ్విన గుంతలు ఇంకా ప్రమాదం. మోకాలి లోతు నీళ్లలో నడుస్తా ఒక్క అడుగు పక్కకి వేస్తే రెండు నిలువుల లోతుంటుంది. నాకు తెలిసిన కుటుంబాలు పిల్లల్ని పోగొట్టుకున్నాయి. గట్టు మీది నుంచే వెయ్యి. ఉరుములొస్తే రాడ్డు దించేసి పక్కకి రా, కరెంటు తీగల కింద రాడ్డు ఎత్తొద్దు.

తెగిన తంగూసు గట్టు మీద పారేయొద్దు. నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతులు (పెలికాన్లు) మేతకి మన చెరువుల దాకా వస్తాయి. కాళ్లకి తంగూసు చుట్టుకుని చచ్చిన కొంగని నా చేతులతో విడిపించాను, అప్పటికే ఆలస్యమైంది. చిన్న డబ్బా ఒకటి జేబులో పెట్టుకో, ముక్కలన్నీ దాంట్లో వేసి ఇంటికి తే.

ఇప్పటికి కొనాల్సింది ఏడడుగుల రాడ్డు, 3000 రీలు, స్పూలు నిండేంత 0.30 తంగూసు, 8 నంబరు గాలాలు ఒక పొట్లం, రెండు సన్న బెండ్లు, స్టాపర్లు, చీలిక సీసం గుండ్లు, ఒక శ్రావణం. ఈ వారమంతా ముడులు కట్టు, బకెట్లో బెండు తూకం చూసుకో. ఆదివారం తెల్లవారుజామున కనిగిరి కాలవ గట్టుకి పో, ఎండెక్కేలోపు వచ్చేయి. నువ్వు పోగొట్టుకున్న ఆ చేప దారం కొస ఇంకా రాడ్డుకే ఉంటే కోసేయొద్దు, తెల్ల కాగితం మీద పెట్టి దగ్గర్నుంచి ఫోటో తీసి పంపు. జారిందో, రాసుకుందో, తెగిందో చూసి చెప్తా.